గంగిరెద్దు రేజరు

గడ్డం కింద టిష్యూ పేపర్ ముక్క అతికించుకుని రాస్తున్నాను, కాబట్టి మర్యాద కాస్త తగ్గితే ఏమీ అనుకోకండి. పొద్దున ఏడింటికి మొదలైన మంట పదిన్నరైనా చల్లారలేదు. పదకొండింటికి మీటింగ్. కెమెరా ఆన్‌లో పెట్టాలట, క్లయింట్ వస్తాడట. వస్తే రానీ. కుడి చెంప నున్నగా, ఎడమ చెంప సగం బొచ్చు తీసి వదిలేసిన గొర్రెలా ఉంది, అదే చూస్తాడు.

సంగతేంటంటే, నెల కింద అర్ధరాత్రి ఒక రీల్ చూసి తల ఊగే సేఫ్టీ రేజరు కొన్నాను. పేరు చెప్పను, చెబితే వాళ్ళకి ఇంకో నలుగురు దొరుకుతారు. రెండు వేల మూడు వందలు. నల్లపెట్టెలో, మెత్తటి గుడ్డ మీద, నిశ్చితార్థం ఉంగరంలా పడుకోబెట్టి పంపారు. మామూలు రెండంచుల బ్లేడును కాగితంలో ఉండగానే మధ్యకు విరిచి, ఆ సగం ముక్కలు మూడు వరసగా తలలో పేర్చాలి. ఆ తలకో కీలు. ముఖం ఎటు తిరిగితే అదీ అటు తిరుగుతుందట, మనం ఏమీ ఆలోచించక్కర్లేదట. మా ఆవిడ పెట్టె చూసి "మీ నాన్నగారిది అటక మీద ఉంది కదండీ" అంది. "అది తల ఊపదు కదా" అన్నాను. నిజంగా అన్నాను ఆ మాట, పెళ్ళాం ముందు.

ఇక పొద్దున జరిగింది. మాది చెన్నైలో తొరైపాక్కం, ఓఎంఆర్ రోడ్డు మీద. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయనే నమ్మకం ఉన్న ఊళ్ళలో బతికేవాళ్ళు ఈ ముక్క వదిలేసి కిందికి వెళ్ళిపోవచ్చు. నిన్న సాయంత్రం రావాల్సిన నీళ్ళ లారీ రాలేదు. అడుగున మిగిలిన బోరు నీళ్ళు ఒక బకెట్ పట్టాను, అవి నోట్లో పోసుకుంటే ఊరగాయ గుర్తొస్తుంది. ఆ నీళ్ళతో నురగ ఎంత కలిపినా నిలవదు. సరే, మగ్గులో ముంచుకుంటూ మొదలెట్టాను. మూడు బ్లేడ్ల మధ్య సందు ఎంత సన్నమంటే, మూడు రోజుల గడ్డం రెండు గీతల్లో దాన్ని పూడ్చేసింది. ధారగా నీళ్ళు పడితే కొట్టుకుపోతుందేమో, మగ్గులో ముంచి ఊపితే మాత్రం నురగా వెంట్రుకలూ కలిసి తడిపిండిలా అక్కడే కూర్చుంటాయి. మూడో గీతకి బ్లేడు కోయడం మానేసి జారింది. జారితే మనిషేం చేస్తాడు? నొక్కుతాడు. నొక్కితే తల వెనక్కి వాలింది. ఇంకాస్త నొక్కాను. దవడ ఎముక దాటి గొంతు వైపు దిగే మలుపు ఉంటుంది చూడండి, అక్కడ టక్కున ముందుకు వాలి కూర్చుంది. సరిగ్గా అక్కడే నాకో పుట్టుమచ్చ ఉంది. ఉండేది అనాలేమో, ఇంకా టిష్యూ తీసి చూడలేదు.

ఆ కోపంలో, ఇరుక్కున్నది రాలుతుందని, రేజరును వాష్‌బేసిన్ అంచు మీద రెండు దెబ్బలు వేశాను. బరువైన సరుకు కదా, ప్రీమియం కదా. అర్ధరూపాయంత పెచ్చు లేచిపోయింది, బేసిన్‌కి. రేజరుకేమో కీలు దగ్గర సన్నటి పిన్ను ఊడి జాలీ రంధ్రంలోంచి కిందికి పోయింది. ఇప్పుడా తల నిజంగానే ఫ్లెక్సిబుల్. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దు తలలా, ఏం అడిగినా అవునవును అంటోంది. కింద నుంచి ఓనరమ్మ "ఎన్న సార్ సత్తం?" అంది, ఏంటా చప్పుడని. ఏమీ లేదమ్మా అన్నాను.

కస్టమర్ కేర్‌కి చాట్‌లో రాశాను. పది నిమిషాల తర్వాత జవాబొచ్చింది: "సార్, ప్రెజర్ ఇవ్వకూడదు. లైట్ హ్యాండ్ వాడాలి. యాంగిల్ కూడా చూసుకోవాలి." బాబూ, చెయ్యి తేలిగ్గా పెట్టడం, కోణం చూసుకోవడం నాకే వస్తే నీ కీలు దేనికి? ఆ రెండూ చేతకావనే కదా నువ్వు రెండు వేల మూడు వందలు తీసుకున్నది? జవాబు లేదు. ఐదు నక్షత్రాలు ఇమ్మని మాత్రం లింకు వచ్చింది.

మా నాన్న రేజరు గురించి చెప్పాలిప్పుడు. మూడు ముక్కలు: పైన టోపీ, కింద పళ్ళ పలక, పిడి. పిడి మెలితిప్పితే బిగుస్తుంది, అంతే యంత్రాంగం. అందులోనూ ఒకటి వంగుతుంది, అది తల కాదు, బ్లేడు. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు, విడిగా పట్టుకుంటే తాటాకులా వణుకుతుంది. టోపీకి ఉన్న వంపులోకి దాన్ని బిగిస్తే ఆ వంపు వల్లే గట్టిపడి కదలకుండా నిలబడుతుంది. మిగతా పనంతా మణికట్టుది. పిడిని ముఖానికి సుమారు ముప్ఫై డిగ్రీలు వంచి పట్టుకుంటే కరకరమని చిన్న చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు ఆగిందంటే కోణం తప్పిందని అర్థం. నాన్న అద్దం కూడా సరిగ్గా చూసేవాడు కాదు, చెవితో గీసుకునేవాడు. రేడియో పెడితే ఆపెయ్యమనేవాడు. బ్లేడు మొండిబారితే గాజు గ్లాసు లోపలి అంచుకి వేలితో ఆనించి అటూ ఇటూ రుద్ది ఇంకో వారం లాగేవాడు. ఆ తర్వాత అది అమ్మకి, జాకెట్ల కుట్లు విప్పడానికి. ఆ తర్వాత నాకు, పెన్సిల్ చెక్కుకోవడానికి. చివరికి తుప్పు పట్టి ఏ గోడ సందులోకో పోయేది. ఒక్క బ్లేడు మీద ఇల్లంతా బతికాం. ఇప్పుడు నేను ఒక్క గడ్డానికి బ్లేడున్నర వాడుతున్నాను, పుట్టుమచ్చ అదనం.

అసలు ఈ తల ఊపించే పిచ్చి ఎప్పుడు మొదలైందో చూడండి. కింగ్ జిలెట్ అనే అమెరికా ఆయన మార్చుకునే పల్చటి బ్లేడున్న తన రేజరుకి పేటెంట్ తెచ్చుకున్నది 1904లో. అంత పల్చటి ఉక్కు రేకును గట్టిపరచి పదునుపెట్టే పద్ధతి కుదిర్చినవాడు నికర్సన్ అనే ఇంజనీరు, ఆయన పేరు ఏ డబ్బా మీదా లేదు, పని చేసినవాడి పేరు ఎక్కడుంటుంది లెండి, మా ఆఫీసులో కూడా ఉండదు. సుమారు డెబ్భై ఏళ్ళు ఆ గట్టి తలతోనే లోకమంతా గడ్డం గీసుకుంది. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్, అంటే బ్లేడ్లతో సహా మార్చి పారేసే తల, వచ్చింది. 1977లో దానికి కీలు పెట్టి తల ఊపించారు. 1998లో మూడు బ్లేడ్లు, 2006లో ఐదు. 2014లో పిడికీ తలకీ మధ్య బంతి పెట్టి పక్కలకి కూడా ఊపించారు. ఇన్నేళ్ళలో మగాడి దవడ మాత్రం ఏమీ మారలేదు. మొదటి బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, రెండోది అది వెనక్కి పోయేలోపు కోస్తుంది, కోసిన మొన చర్మం లోపలికి దిగిపోతుంది. చూడ్డానికి నున్నగా బాగానే ఉంటుంది, గిరజాల గడ్డం ఉన్నవాడికి నాలుగో రోజు అవే లోపల మెలితిరిగి కురుపులుగా లేస్తాయి. నాకు లేస్తాయి. దానికో క్రీము. ఆ క్రీము యాడ్ కూడా అదే రీల్ కింద వచ్చింది, అది వేరే కథ.

ఇంకో విషయం విన్నారా? అదే జిలెట్ కంపెనీ మన దేశం కోసం ఒక రేజరు తయారుచేస్తూ, దాన్ని అమెరికాలో చదువుకుంటున్న మన ఇండియన్ కుర్రాళ్ళ మీద పరీక్షించారట. వాళ్ళు భేష్ అన్నారు. ఎందుకనరు, అక్కడ హాస్టల్లో కుళాయి తిప్పితే వేడినీళ్ళు ధారగా వస్తాయి. ఇక్కడికి తెచ్చాక చూస్తే మనవాళ్ళు నేల మీద కూర్చుని, గ్లాసుడు చన్నీళ్ళు పక్కన పెట్టుకుని, చిన్న అద్దం చేత్తో పట్టుకుని గీసుకుంటున్నారు, రేజరు పూడుకుపోయింది. అప్పుడు గానీ ఇళ్ళకొచ్చి చూడలేదు. చూశాక 2010లో ఒకే బ్లేడుతో, మగ్గులో ముంచితే శుభ్రమయ్యేది పదిహేను రూపాయలకి తెచ్చారు, మారుబ్లేడు ఐదు రూపాయలు. అంటే ఈ పాఠం అప్పుడే అయిపోయింది, అందరికీ తెలుసు. అయినా నా గంగిరెద్దు రేజరును డిజైన్ చేసినవాడు మగ్గు మొహం చూసినట్టు లేడు. చూసుంటే ఆ సందుల్లో చీపురుపుల్లైనా దూరేది.

దీనికన్నా మా వీధి చివర సెలూన్ అన్న నయం. ఆయనది నాయుడుపేట దగ్గర, పాతికేళ్ళుగా ఇక్కడే, మనం కనబడితే తెలుగు వార్తలు పెడతాడు. కత్తిలో సగం బ్లేడు, ఒకటే. ఎడమ బొటనవేలితో చర్మాన్ని పైకి లాగి, మలుపును చదును చేసి, అప్పుడు గీస్తాడు. గమనించండి, కత్తిని ముఖానికి తగ్గట్టు వంచడు, ముఖాన్నే కత్తికి తగ్గట్టు సర్దుతాడు. చివర్లో పటిక రాయి తడిపి రుద్దుతాడు, చురుక్కుమంటుంది, అంతటితో సరి. టిఫిన్‌కి పోతూ ఆయన దగ్గర ఆగి టిష్యూ చూపిస్తే "ఏంది నాయనా, గొర్రెల మంద పక్కన పడుకున్నావా" అన్నాడు. రేజరు ధర చెప్పలేదు నేను.

సరే ఇది పక్కన పెట్టండి. ఆ బేసిన్ పెచ్చు ఉంది చూశారూ, రాత్రికి నాకు నిద్ర పట్టనివ్వనిది అదీ, ఓనరమ్మ దానికి అడ్వాన్స్‌లో ఎంత కోస్తుందోనని. నెత్తురుదేముంది, ఆరిపోతుంది. ఈ ఇంటికి ముందు వేళచ్చేరిలో ఉన్నాం, నాలుగేళ్ళు. ఆ ఇంట్లో చేరేటప్పుడు పది నెలల అడ్వాన్స్ తీసుకుంటూ ఓనరు పెద్దమనిషి అన్న మాట ఏంటో తెలుసా? "నాంగ రొంబ ఫ్లెక్సిబుల్ సార్." చాలా ఫ్లెక్సిబుల్ మనిషి. గోడకి మేకు కొట్టకూడదు. మేకు లేదు కాబట్టి అద్దం లేదు, అద్దం లేదు కాబట్టి నాలుగేళ్ళు ఫోన్ కెమెరా చూసుకుంటూ గడ్డం గీసుకున్నాను, మీసం ఒక పక్క ఎప్పుడూ పొట్టిగానే ఉండేది. మా పెళ్ళిరోజు ఫోటోల్లో నాలుగేళ్ళూ ఆ మీసమే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె కోశాడు. మేము పోయే ముందు రోజే రెండు గదులకు సున్నం వేయించి ఇచ్చాం, ఆ రంగు ఆయనకి నచ్చలేదట. బాత్రూమ్ తలుపుకి ఇంకో మూడు వేలు. ఆ తలుపు మేము వచ్చిననాటికే ఉబ్బి ఉంది, ఫోటో తీసుకోవాల్సింది, తీసుకోలేదు. మిగతా అడ్వాన్స్ నాలుగు విడతల్లో ఇచ్చాడు, ప్రతి విడతకీ మూడేసి ఫోన్లు నేనే చేసి. మా ఆఫీసులో కూడా ఫ్లెక్సిబుల్ టైమింగ్సే, అంటే రాత్రి పదింటికి కాల్ పెడితే మనం ఎత్తాలి, పొద్దున పదింటికి లేట్ అయితే వాళ్ళు ఎత్తి చూపిస్తారు. ఈ ఇంగ్లీషు ముక్క ఎవరు వాడినా నేను వెంటనే జేబు తడుముకోవాల్సింది. రీల్‌లో మూడు సార్లు అన్నాడు వాడు ఆ మాట. మూడు సార్లు!

అన్నట్టు మా ఊరు రాపూరు పక్కన. కండలేరు జలాశయం మాదే. అక్కడి నుంచి కాలువలో చెన్నై దగ్గరి పూండి చెరువుకి కృష్ణా నీళ్ళు 1996 నుంచి వస్తున్నాయి, మద్రాసు గొంతు తడపడానికి. మా తాత ఆ కాలువ తవ్వుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాడట. ఆయన మనవడు అదే మద్రాసులో గడ్డం తడుపుకోవడానికి లారీ కోసం బాల్కనీలో నిలబడతాడని ఎవరైనా చెబితే నవ్వేవాడు.

ఇది రాస్తూ మధ్యలో అటక ఎక్కాను. నాన్న రేజరు పాత మందుల డబ్బాలో దొరికింది, పక్కనే ఎండిపోయిన బ్రష్షు. పళ్ళ పలక మీద తెల్లగా ఉప్పు గార కట్టింది, పిడి తిరగడం లేదు. మా ఆవిడ ఏమీ అనకుండా నిమ్మచెక్క పిండిన నీళ్ళ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆ ఏమీ అనకపోవడం ఉంది చూశారూ. ఇప్పుడే ఒక మెలిక కదిలింది. కింది శెట్టిగారి కొట్లో బ్లేడ్ల పొట్లం తెచ్చాను, ఐదు బ్లేడ్లు, నోటు ఇస్తే చిల్లర కూడా వచ్చింది.

పదకొండుకి ఐదు నిమిషాలుంది. కింద హారన్. ఓనరమ్మ మెట్ల దగ్గర నుంచి "సార్, లారీ వందాచ్చు" అని అరుస్తోంది. వచ్చిందట. బాత్రూమ్‌లో పొద్దున తిప్పి వదిలేసిన కుళాయి ఇప్పుడు బుసకొట్టి, పెచ్చు ఊడిన బేసిన్‌లోకి ధారగా పోస్తోంది.