పెరుగు కింద అన్నం

అమెరికాలో మా ఊరి తెలుగువాళ్ల పాట్‌లక్కుల్లో, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందుల్లో, ఈ మధ్య రెండు జట్లు తయారయ్యాయి. ఒక జట్టు పెరుగు గిన్నె వైపు కన్నెత్తి చూడదు. "పాలూ పెరుగూ మానేశాకే ఎనిమిది పౌండ్లు తగ్గాను" అంటుంది. రెండో జట్టు పూటకో యోగర్ట్ డబ్బా ఖాళీ చేస్తూ, కాల్షియం కొవ్వును కరిగిస్తుందని మనకు పాఠం చెబుతుంది. ఈ రెండు మాటలూ నాకు మింగుడుపడవు.

రెండో జట్టు మాట ఎక్కడ పుట్టిందో ఇక్కడికి వచ్చి పాతికేళ్లయినవాళ్లకు గుర్తుండాలి. టెనెస్సీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ జెమెల్ అనే ఆచార్యుడు, తిండిలో కాల్షియం తగ్గితే కొవ్వు కణాలు కొవ్వును పట్టుకుని వదలవని ప్రతిపాదించాడు. 2004లో ఆయన బృందం 32 మంది ఊబకాయులపై చేసిన 24 వారాల ప్రయోగం అచ్చయింది. పాల పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్లు తమ బరువులో దాదాపు 11 శాతం తగ్గారు, కాల్షియం తక్కువ తిన్నవాళ్లు ఆరు శాతం పైచిలుకు. ఇంకేముంది, డెయిరీ పరిశ్రమ వాళ్లు రోజుకు మూడుసార్లు పాల పదార్థాలు తినండి, బరువు తగ్గండి అని ప్రకటనలు గుప్పించారు. మోసపు ప్రకటనల మీద కన్నేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా ఫిర్యాదు వెళ్లింది. 2007లో ఆ ప్రకటనలు ఆపేశారు.

అసలు సంగతేమిటంటే, ఆ ప్రయోగంలో అందరికీ రోజుకు 500 కేలరీలు కోత పెట్టారు. ప్రకటన చూసినవాడికి ఆ కోత గుర్తుండదు, పాల గ్లాసే గుర్తుంటుంది. తర్వాత 29 ప్రయోగాలను కలిపి 2012లో లెక్కవేస్తే, తిండి తగ్గించకుండా పాలు, పెరుగు మాత్రం పెంచుకున్నవాళ్లకు ఒరిగిందేమీ లేదని తేలింది. తిండి తగ్గించినవాళ్లలో కూడా పాల వల్ల అదనంగా తగ్గింది సగటున కిలో లోపే.

ఇక మన కంచం సంగతి. ఓ ఆదివారం నేను పెరుగన్నాన్ని వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. మా ఆవిడ నవ్వింది, అది వేరే విషయం. హోల్ మిల్క్‌తో తోడుపెట్టిన పెరుగు ఒక కప్పు, సుమారు 150 కేలరీలు. దాని కింద అన్నం 200 గ్రాములు, అంటే 260. ఆవకాయ నూనె నేను లెక్కలో వేయలేదు, ధైర్యం చాల్లేదు. పైగా ఇది మూడో వాయి. పప్పన్నం, చారన్నం అయ్యాక వచ్చేది. అమ్మ ఫోన్‌లో "పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం చేసినట్టేనా రా?" అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ అమ్మ చిన్నప్పుడు రోజూ ఎంత దూరం నడిచేదో, నేను రోజూ కారు దాకా ఎన్ని అడుగులు వేస్తున్నానో నాకు తెలుసు.

టీ కూడా అంతే. అర కప్పు పాలు, రెండు చెంచాల పంచదార వేస్తే ఒక్క టీ నూరు కేలరీలు దాటుతుంది. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో నాలుగు టీలు మామూలే. వేడన్నంలో పెద్ద చెంచా నెయ్యి ఇంకో 120.

అందుకే మొదటి జట్టు తగ్గడంలో ఆశ్చర్యమేమీ లేదు. పాలు మానేస్తే టీలో పంచదార, కోవాబిళ్లలు, ఐస్‌క్రీమ్, శుక్రవారం పిజ్జా అన్నీ వాటంతటవే పోయాయి. పేరు మాత్రం పెరుగుకు వచ్చింది. నాకు బాధ కలిగించేది ఇదే. మాంసం తినని ఇళ్లలో ప్రొటీన్ అంటే పప్పు, పెరుగు. పప్పేమో పలుచన చేసుకుని, పెరుగు మానేసి, అన్నం మాత్రం అంతే ఉంచుకుంటే తగ్గేది కొవ్వుతో పాటు కండ కూడా. సాయంత్రానికి ఆకలేసి జంతికల డబ్బా తెరవడం దీనికి కొసమెరుపు.

నన్నడిగితే, పెరుగు ఉంచి అన్నం తగ్గించండి. కొవ్వు తీసిన, తియ్యటి రుచుల్లేని గ్రీక్ యోగర్ట్ (నీళ్లు వడకట్టిన చిక్కటి పెరుగు) 170 గ్రాముల డబ్బాలో దాదాపు 17 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కేలరీలు నూరు. స్ట్రాబెర్రీ బొమ్మ ఉన్న డబ్బాలో పంచదార ఎంతో చదివి కొనండి. కీర దోసకాయ తరిగి, ఆవాలూ ఇంగువా పోపు పెడితే పెరుగుపచ్చడే, పరాయిదేమీ కాదు. మధ్యాహ్నం నాలుగింటికి మజ్జిగ తాగండి. దుకాణంలో బటర్‌మిల్క్ అని రాసి ఉండే చిక్కటి డబ్బా మన మజ్జిగ కాదు, అది పాన్‌కేకులకు. మన మజ్జిగ మనమే చిలుక్కోవాలి.

వచ్చే ఉగాది విందులో ఆ పని నేనే చేస్తానని ఒప్పుకున్నాను. అల్లం, కరివేపాకు దండిగా వేస్తాను. ఉప్పు మాత్రం తక్కువే. బీపీ జట్టు కూడా ఒకటి ఉంది మరి.