సెలవు తప్ప మరో కబురు లేని బడులు

ముసురు పట్టిన ప్రతి రాత్రీ హైదరాబాద్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "రేపు స్కూల్ ఉందా?" ఎవరో ఒకరు కలెక్టర్ ఆర్డర్ అంటూ ఫొటో పెడతారు. అది నిరుటిదని ఇంకొకరు తేల్చేసరికి పదిన్నర దాటుతుంది. బాక్సులోకి కూర తరగాలా వద్దా, డ్యూటీకి సెలవు పెట్టాలా వద్దా అన్నది తెల్లారేదాకా తేలదు. 2023 జూలైలో నగరం తడిసి ముద్దయినప్పుడు సెలవు ప్రకటన పొద్దున్నే వచ్చింది. అప్పటికే చాలామంది పిల్లలు బ్యాగులు తగిలించుకుని దారిలో ఉన్నారు.

మనం ఒకే ఊరు అనుకునే ఈ నగరం బడుల లెక్కలో ఒకటి కాదు. అమీర్‌పేట హైదరాబాద్ జిల్లా, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి, గచ్చిబౌలి రంగారెడ్డి. ముగ్గురు కలెక్టర్లు, ముగ్గురు జిల్లా విద్యాధికారులు (డీఈవోలు). సెలవు ఒక జిల్లాకే ప్రకటిస్తే, వాన ఇద్దరి మీదా పడుతున్నా అన్న బడికి వెళ్లాలి, తమ్ముడు ఇంట్లో ఉండొచ్చు. ఇద్దరి బడులూ వేర్వేరు జిల్లాల్లో ఉన్న ఇళ్లు ఈ నగరంలో తక్కువేం కాదు.

వాన చెప్పి రాదు కదా అంటారు. ఏ రోజు పడుతుందో చెప్పదు, నిజమే. కానీ జూలై-సెప్టెంబరు మధ్య రెండు మూడు రోజులు బడులు మూయాల్సి వస్తుందని ఈ ఊళ్లో తెలియనిదెవరికి? వినాయక నిమజ్జనానికి జంట నగరాల్లో సెలవిచ్చినప్పుడు ప్రభుత్వం దానికి బదులుగా ఒక రెండో శనివారాన్ని పనిదినం చేస్తుంది. అంటే పోయిన రోజును ఎక్కడ పూడ్చుకోవాలో ముందే రాసిపెట్టడం మన అధికారులకు చేతనైన పనే. వాన సెలవులకు మాత్రం ఆ పద్ధతి లేదు. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 6 నుంచి 8కి 220 ఉండాలంటోంది. వానకు పోయిన రోజులు ఆ లెక్కలో ఎక్కడికి వెళ్తాయో ఏ తల్లిదండ్రులకూ ఎవరూ చెప్పరు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన దగ్గర బోలెడు. మనవడి బడి నుంచి వచ్చే ఈమెయిళ్లను అక్కడికి వెళ్లిన తాతలు, అమ్మమ్మలు కూడా చూస్తుంటారు. మంచు పడే ప్రాంతాల్లో చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే స్థానిక సంస్థలు) ఏడాది మొదట్లో ఇచ్చే క్యాలెండర్‌లోనే మంచు సెలవులకు చోటు పెడతాయి. వాడుకోకపోతే సరే, వాడుకుంటే ఏ తేదీన తిరిగి బడి పెడతారో కూడా అందులోనే రాస్తాయి. ఏ చిన్న ఊరి డిస్ట్రిక్ట్ సమాచారం తీసినా దాదాపు ఒకే రకం కబుర్లు కనిపిస్తాయి. సోమవారం సాయంత్రం బోర్డు మీటింగ్, అందులో చర్చించే అంశాలు. ఫలానా బడి పైకప్పు రిపేరుకు వచ్చిన టెండర్లు. బస్సు డ్రైవర్లు కావాలన్న ప్రకటన. ఈ నెల మధ్యాహ్న భోజనం మెనూ. బ్యాండ్ పిల్లల కచేరీ, ఫుట్‌బాల్ మ్యాచ్. కొత్త భవనానికి అప్పు తేవడం మీద ఓటింగు ఎప్పుడన్నది. మనకు బోరు కొట్టే వివరాలే. నా దృష్టిలో అసలు విషయం ఆ బోరు కొట్టే వివరాల్లోనే ఉంది: పైకప్పు టెండరు సంగతి బడికి పిల్లల్ని పంపేవాడికి పని జరగకముందే తెలుస్తోంది.

వాళ్లేదో మనకంటే మంచివాళ్లు కాబట్టి ఇలా చెబుతున్నారని నేననుకోను. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నారు. ఆ దేశంలో దాదాపు 13,000 స్కూల్ డిస్ట్రిక్ట్‌లున్నాయి. ఎక్కువచోట్ల బోర్డు సభ్యుల్ని ఊరి జనమే ఎన్నుకుంటారు. ఖర్చులో పెద్ద భాగం అక్కడి ఇళ్లు, స్థలాల మీద వేసే పన్నే. మీటింగులు జనం ముందే జరగాలన్న చట్టాలు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. టెక్సస్‌లో అయితే చర్చించబోయే అంశాల జాబితాను 72 గంటల ముందు బయటపెట్టాలన్న నిబంధన ఏళ్ల తరబడి నడిచింది. పన్ను కట్టేవాడు, ఓటు వేసేవాడు, పిల్లను పంపేవాడు ఒక్కడే అయినప్పుడు కబురు దానంతటదే వాడి గుమ్మం దాకా వస్తుంది.

దీన్ని యథాతథంగా తెచ్చుకోమనడం లేదు. ఇంటి పన్నుతో బడి నడిస్తే ఖరీదైన ఇళ్లున్న పేటకు మంచి బడి, పేద పేటకు పేద బడి. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో శాన్ ఆంటోనియో కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉన్న తీర్పులో తేల్చింది. అక్కడి బోర్డు ఎన్నికలకు వచ్చి ఓటేసేవాళ్లు కూడా అంతంతమాత్రమే. జూబ్లీహిల్స్ పన్ను జూబ్లీహిల్స్ బడికే, బోరబండ పన్ను బోరబండ బడికే అంటే మనూళ్లో ఏమవుతుందో ఊహించడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లక్కర్లేదు. డబ్బు ఎక్కడినుంచి రావాలన్నది వేరే చర్చ. కబురు ముందుగా చెప్పడం మాత్రం డబ్బుతో ముడిపడిన పని కాదు.

మన దగ్గర బడి కబురు పైనుంచి కిందికి దిగే ఆర్డర్‌గానే ఎందుకు మిగిలింది? ఒక కారణం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక బడులతో కలిపి విద్య ఉంది. నగరాలకు 74వ సవరణతో ఇచ్చిన 18 అంశాల్లో బడులనే మాటే లేదు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం అని ఒక ముక్క మాత్రం ఉంది. ముంబై, చెన్నై కార్పొరేషన్లు బడులు నడుపుతున్నాయి. విశాఖలోనూ మున్సిపల్ బడులున్నాయి. జీహెచ్‌ఎంసీ నడపదు. కాబట్టి బస్తీలో బడి గోడ కూలినా, టీచర్ లేకపోయినా కార్పొరేటర్‌ను నిలదీయడం చెత్త బండి రాలేదని నిలదీసినంత సులువు కాదు. ఆయన చేయగలిగింది డీఈవో ఆఫీసుకు ఫోన్ చేయడమే.

మరి తల్లిదండ్రులకు చట్టం ఏమీ ఇవ్వలేదా అంటే, చాలానే ఇచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడికి వచ్చిన నిధుల వాడకం చూసే పని, అభివృద్ధి ప్రణాళిక వేసే పని వాళ్లదే. కాగితం మీద ఇది అమెరికా బోర్డుకు తీసిపోయేదేం కాదు. ఆచరణ సంగతి చూడండి. రెండేళ్లకోసారి మారాల్సిన ఈ కమిటీలకు తెలంగాణలో 2019 నవంబరులో ఎన్నికలు జరిగాక మళ్లీ జరిగింది 2024 జనవరిలో. మధ్యలో కరోనా వచ్చింది, ఒప్పుకుందాం. కానీ ఎన్నికలైన కొద్ది నెలల్లోనే ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు తెచ్చింది. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. బడి రిపేర్లు, తాగునీరు, కరెంటు, మరుగుదొడ్ల పనులు వాళ్ల చేతికి వెళ్లాయి. మహిళా సంఘాలకు పని అప్పగించడాన్ని నేను తప్పుపట్టను, లెక్క పక్కాగా చూసేది వాళ్లే. అయితే ఎన్నికైన కమిటీ పక్కన ఇంకో కమిటీ వస్తే, కుళాయి పాడైతే ఎవరిని అడగాలో తల్లికి ఎవరు చెప్పాలి? చెప్పేవాళ్లు లేక తల్లి హెచ్‌ఎంనే అడుగుతుంది, హెచ్‌ఎం 'పైనుంచి రావాలమ్మా' అంటారు.

కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ఏటా బడులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటునే తీసుకోండి. పిల్లల సంఖ్యను బట్టి అది ఖరారవుతుంది. 31 నుంచి 100 మంది ఉంటే 25 వేలు, 101 నుంచి 250 మంది దాకా 50 వేలు, వెయ్యి దాటితే లక్ష. పెద్ద సొమ్మేం కాదు. చాక్‌పీసులు, చీపుర్లు, కరెంటు బిల్లు, చిన్నా చితకా రిపేర్లకు సరిపోతే గొప్ప. ఇది ఎప్పుడు పడింది, దేనికి ఖర్చయింది అన్న నాలుగు లైన్లు గేటు పక్కన అతికించడానికి జీవో అక్కర్లేదు. మధ్యాహ్న భోజనం మెనూ గోడ మీద రంగుతో రాసే ఉంటుంది. గ్రాంటు లెక్క ఎందుకుండదు?

కమిటీ మీటింగుల టైం ఇంకో తమాషా. పనిరోజు పదకొండింటికి పెడతారు. ఆ టైంకు ఇళ్లలో పనిచేసే తల్లి మూడో ఇంట్లో గిన్నెలు తోముతుంటుంది, తండ్రి అడ్డా మీద నుంచి ఏదో సైట్‌కు వెళ్లిపోయి ఉంటాడు. రాలేదు కాబట్టి 'పేరెంట్స్‌కు ఇంట్రెస్ట్ లేదు' అని రిజిస్టర్‌లో కాకపోయినా మాటల్లో తేల్చేస్తారు. సంతకాలు తర్వాత పిల్లల చేత ఇంటికి పంపి తెప్పిస్తారు. అమెరికా చిన్న ఊళ్లలో బోర్డు మీటింగు ఎక్కువగా సాయంత్రాలే పెట్టడం వెనక రహస్యమేమీ లేదు, జనం పనుల నుంచి ఇంటికి వచ్చేది అప్పుడే.

ముందుగా చెప్పకపోవడం వల్ల ఎంత టెన్షనో 2024 నవంబరులో బాగా తెలిసింది. సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వేకు (కులగణనకు) ప్రాథమిక బడుల టీచర్లను పంపి, ఆ నెల ఒంటిపూట బడులు నడిపారు. సర్వే అవసరమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏడేళ్ల పిల్ల మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికొస్తే తాళం తీసేదెవరు అన్న ఆలోచన ఆ ఆర్డర్ రాసినవాళ్లకు వచ్చినట్టు లేదు. మార్చి నడుమ నుంచి ఎండలకు పెట్టే ఒంటిపూట బడులకు అందరూ సిద్ధంగానే ఉంటారు, ఏటా ఉండేవే కాబట్టి.

ప్రైవేటు బడుల దగ్గర కథ వేరు. హైదరాబాద్ జిల్లా పిల్లల్లో ఎక్కువమంది చదివేది వాటిలోనే. యాప్‌లున్నాయి, మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఫలానా రోజు ఎల్లో డే, ఫలానా రోజు ఫ్యాన్సీ డ్రెస్, ఫలానా తేదీలోగా టర్మ్ ఫీజు. కబుర్లకు కరువు లేదు, ఫీజు ఎందుకు పెరిగిందన్న ఒక్క కబురు తప్ప. ప్రభుత్వ సాయం లేని బడులకు 21వ సెక్షన్ వర్తించదు. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం ఫీజు ఖరారులో పాలకమండలి పాత్ర, అందులో తల్లిదండ్రుల ప్రతినిధి ఉండాలి. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యానికి మిగిలే లాభం 5 శాతం. ముప్పై ఏళ్లు దాటిన ఈ జీవోను చదివిన తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? 2017లో తిరుపతిరావు కమిటీ ఫీజుల మీద నివేదిక ఇచ్చింది, ఆకునూరి మురళి అధ్యక్షతన 2024లో విద్యా కమిషన్ వచ్చింది. ఈలోగా జూన్ 12కు బడులు తెరవడం, ఫీజు పెరిగిందని గేటు ముందు ధర్నా ఏటా ఒక జంటగా వస్తూనే ఉన్నాయి.

పక్క రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న ఆంధ్రప్రదేశ్‌లో వేల బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు. తేదీ ముందుగా చెప్పారు, ఆహ్వానాలు పంపారు, తల్లిదండ్రులు వచ్చారు. ఆ మేరకు మెచ్చుకోవాలి. నాకు నచ్చనిది అందులో పండగ పాలు ఎక్కువ కావడం. ఏం మాట్లాడాలో రాజధానిలో ఖరారైతే తల్లి అతిథిగా వచ్చి ఫొటో దిగి వెళ్తుంది. తన బడికి లెక్కల సారు ఎప్పుడొస్తాడన్న ప్రశ్నకు ఆ షెడ్యూలులో నిమిషం దొరకడం కష్టం. రికార్డు సృష్టించే ఒక్క రోజు కంటే ఎవరూ ఫొటో తీయని నెలవారీ మీటింగు మేలు.

హైదరాబాద్‌కు కావాల్సింది ఏమంత పెద్దది కాదు. జూన్‌లో ఇచ్చే విద్యా క్యాలెండర్‌లోనే మూడు వాన రోజులు, వాటిని పూడ్చే మూడు శనివారాలు. మూడు జిల్లాలకూ కలిపి ఒకే నిర్ణయం, అదీ రాత్రి ఎనిమిదిలోపు. నెలకోసారి సాయంత్రం ఆరింటికి కమిటీ మీటింగు, ఏం చర్చిస్తారో వారం ముందు గేటు మీద తెలుగు, ఉర్దూల్లో, అవసరమైన బస్తీల్లో హిందీలో కూడా.

దీనికి మొదట అడ్డుపడేది హెచ్‌ఎంలే అనుకుంటే పొరపాటు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. బడుల గణాంకాల కోసం కేంద్రం అడిగే యూడైస్ వివరాలు, ఆధార్ లింకులు, భోజనం యాప్, ఫేషియల్ అటెండెన్స్, ఎన్నికల డ్యూటీ. ప్రాథమిక బడిలో గుమస్తా పోస్టే లేదు. పాఠం చెబుతూ ఇవన్నీ చేసేది ఒక్కరే. నెలకో నోటీసు రాసి అతికించే బాధ్యత కూడా వాళ్ల నెత్తినే వేసి, అతికించినట్టు ఫొటో అప్‌లోడ్ చేయమని ఇంకో యాప్ ఇస్తే పని నెలలో అటకెక్కుతుంది. కాంప్లెక్స్ బడికి (చుట్టుపక్కల కొన్ని బడులకు కేంద్రంగా ఉండే బడికి) ఒకరి చొప్పున గుమస్తాను ఇచ్చి, చుట్టుపక్కల బడుల నోటీసులు, మీటింగు మినిట్స్ ఆ మనిషికి అప్పగించడం దగ్గర విద్యాశాఖ మొదలుపెట్టవచ్చు.