హెల్ప్ బటన్ గారికి, లీలామహల్ సర్కిల్ నుంచి

హెల్ప్ బటన్ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తెలుసు. స్క్రీన్ కుడిపక్క కింది మూలలో, నీలం గుండ్రంలో, తెల్లటి ప్రశ్నార్థకం పెట్టుకుని హాయిగా కూర్చున్నారు. పేజీని పైకి జరిపినా కిందికి జరిపినా మీరు మాత్రం జరగరు. మా సైటే కనబడకుండా పోయిన రోజున కూడా ఉన్నచోటే ఉండి, "హాయ్! మీకెలా సాయపడగలను?" అని అడిగారు. దానికి నేను చెప్పిన జవాబు మీకింకా ఎక్కినట్టు లేదు. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తిరుపతిలో చిన్న ట్రావెల్స్. ఒక డిజైర్, ఒక ఎర్టిగా. కొండ దిగి వచ్చిన భక్తుల్ని కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గరి గోల్డెన్ టెంపుల్ తిప్పి, మళ్ళీ రైలుకో బస్సుకో అందించడం మా పని. మా మేనల్లుడు మీ కంపెనీ ఫ్రీ ప్లాన్‌లో సైట్ చేసిపెట్టాడు. ఫ్రీ కాబట్టి సైట్ చిరునామాలో మా పేరు చివర మీ పేరు తోక తగిలించారు, సరే. హెడ్డింగులో లైన్లు ఇరుకై 'శ్రీకాళహస్తి' త ఒత్తు సగానికి తెగిపోయింది, అదీ సరే, దేవుడే చూసుకుంటాడనుకున్నాం. ఒకరోజు పేజీ అడుగున మీరు వేసుకునే ప్రకటనలో మా వీధి చివరి ట్రావెల్స్ వాళ్ళు ప్రత్యక్షమయ్యారు. మా సైట్‌లో మా పోటీవాడి ఫోన్ నంబరు! దానికీ నోరెత్తలేదు.

బ్రహ్మోత్సవాల వారంలో డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, హైదరాబాద్ పార్టీ మన సైట్ తెరిస్తే దొంగ సైట్ అని వస్తా ఉండాదంట. ఏందన్నా, మనమేం జేస్తిమి?"

తెరిచి చూస్తే నిజమే. కార్ల ఫొటోల బదులు తెల్లటి పేజీ, మధ్యలో ఇంగ్లీషులో రెండు లైన్లు, కింద మూలలో చిరునవ్వుతో మీరు. తిరుమల, దర్శనం, బుకింగ్ అనే మూడు మాటలు ఒకే పేజీలో కనబడేసరికి మీ కంపెనీ యంత్రం బెదిరిపోయి ఉంటుందని మేనల్లుడి అనుమానం. దర్శనం టికెట్ల పేరుతో నకిలీ సైట్లు ఉన్న మాట వాస్తవం, టీటీడీ వాళ్ళు జనాన్ని హెచ్చరిస్తూనే ఉంటారు. కాబట్టి యంత్రం జాగ్రత్తపడటాన్ని తప్పుపట్టను. కానీ మేం అమ్మేది దర్శనాలు కాదు, కారు సీట్లు. ఆ ముక్క చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. అక్కడే మీరు తగులుకున్నారు.

"మా సైట్ ఎందుకు ఆపేశారు?" అని టైప్ చేశాను. "మంచి ప్రశ్న! సైట్ వేగం పెంచుకునే చిట్కాలు ఇవిగో" అన్నారు. "వేగం కాదు స్వామీ, అసలు సైటే లేదు" అన్నాను. "సైట్ లేదా? ఇప్పుడే మొదలుపెట్టండి, పూర్తిగా ఉచితం!" అన్నారు. మనిషితో మాట్లాడాలన్నాను. "తప్పకుండా! మీ సమస్య వీటిలో దేనికి సంబంధించినది? రంగులు, ఫాంట్లు, ఫొటోలు, ప్లాన్ అప్‌గ్రేడ్." అప్‌గ్రేడ్ నొక్కి చూశాను. రెప్పపాటులో కార్డు నంబరు అడిగే గడి తెరుచుకుంది. మీ రాజ్యంలో ఇంతవరకూ ఒక్కసారైనా మొరాయించని పేజీ అదొక్కటే.

తర్వాత మీరు చదవమన్న వ్యాసాలన్నీ భక్తిగా చదివాను. బ్రౌజర్ దాచుకున్న పాత పేజీల్ని (క్యాష్) చెరిపేయమన్నారు, చెరిపేశాను. వేరే బ్రౌజర్‌లో చూడమన్నారు, అందులోనూ మేం దొంగలమే. సైట్‌ని నడిపించే పేజీ, అదే డాష్‌బోర్డ్‌లోకి వెళ్ళి అప్పీల్ నొక్కమన్నారు. సైట్ ఆపినప్పుడు డాష్‌బోర్డ్‌కీ తాళం వేశారు కదా, ఎట్లా వెళ్ళేది? చివరికి డీఎన్‌ఎస్ మార్పులు, అంటే సైట్ పేరును దాని సర్వర్ చిరునామాతో ముడిపెట్టే రికార్డుల్లో మార్పులు, ప్రపంచమంతా పాకడానికి 48 గంటలు పడుతుంది, ఓపిక పట్టండి అన్నారు. ఆ 48 గంటల కథ సొంత పేరు కొనుక్కుని దాని రికార్డులు మార్చుకునేవాళ్ళకు. పాత చిరునామాను గుర్తుపెట్టుకున్న సర్వర్లు దాన్ని మరిచిపోవడానికి పట్టే టైమది. మేం ఉన్నది మీ తోక కింద. ఆ రికార్డులు మీ చేతిలోవే. మేం మార్చిందేమీ లేదు, మార్చే వీలూ లేదు. అయినా పెద్దలు చెప్పారని ఆగాను.

మీ పనివేళలు కూడా ఒక వ్యాసంలో దొరికాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 9 నుంచి సాయంత్రం 5, పసిఫిక్ టైము. అంటే మాకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై తెల్లవారి అయిదున్నరకు ముగుస్తుంది. చలికాలంలో ఇంకో గంట ఆలస్యం. శని, ఆదివారాలు సెలవట. తిరుపతిలో శనివారం అంటే ఏమిటో మీ వాళ్ళకు ఎవరైనా చెబితే బాగుండు. గరుడ సేవ రాత్రి ఊరంతా కొండ వైపు చూస్తుంటే నేను మీ వైపు చూస్తూ కూర్చున్నాను.

జవాబు వచ్చింది. మా వైపు నుంచి స్పందన లేనందువల్ల మా టికెట్ (మీ భాషలో ఫిర్యాదు) మూసేశారట. స్పందించాల్సింది మేమని అప్పుడే తెలిసింది! కింద అయిదు నక్షత్రాలు, మా సేవ ఎలా ఉందని. ఒకటి నొక్కితే "అయ్యో, ఏం జరిగిందో చెప్పండి" అని గడి వచ్చింది. అందులో రెండు వందల అక్షరాలే పడతాయి.

చిత్తూరు కోర్టులో వకీలుగా ఉన్న మా బావమరిదిని అడిగాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మకాలు చేసే కంపెనీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి అన్నాడు. 48 గంటలు ఆగాల్సింది నేను కాదు, కదలాల్సింది మీరన్నమాట! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని నంబరు నొక్కబోతుంటే ఆపాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, ఉచితంగా చేసేది అసలు 'సేవ' కిందికే రాదట. మరి పేజీ అడుగున ప్రకటనలు వేసుకుంటున్నారు కదా అన్నాను. అది నువ్విచ్చిన డబ్బు కాదు కదా బావా అన్నాడు. చట్టం మీ పక్షాన ఉంది బటన్ గారూ, అభినందనలు.

అయితే ఒక్క మాట. ఉచితం అంటే ఏమిటో మా ఊరికి మీరు కొత్తగా నేర్పక్కర్లేదు. కొండ మీద సర్వదర్శనానికి పైసా కట్టనక్కర్లేదు. 300 రూపాయల టికెట్టువాళ్ళకు వేరే లైను, వాళ్ళు ముందు వెళ్తారు. దానిమీద సణిగేవాళ్ళూ ఉన్నారు, అది వేరే ఉత్తరం. కానీ ఉచిత క్యూలో నిలబడ్డవాడికి ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో చెబుతారు. కింద విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో టోకెన్ తీసుకుంటే దానిమీద టైము వేసి ఇస్తారు. లోపల కూర్చున్నవాళ్ళకు శ్రీవారి సేవకులు పాలు, అన్నం అందిస్తారు. 1985లో మొదలైన నిత్యాన్నదానంలో ఇప్పటికీ ఎవరూ విస్తరి ముందు నిలబడి "మీరు ఏ ప్లాన్?" అని అడగరు. మీ లైనులో నా ముందు ఎంతమంది ఉన్నారు? అసలది లైనేనా, గోడకేసి తిరిగి నిలబడ్డానా? డబ్బు కట్టినవాళ్ళకు ముందు చెప్పండి, నాకు చివర చెప్పండి. "మీ సైట్ తిరిగి ఇవ్వం" అని చెప్పినా సరే, వేరేచోట చూసుకుంటాం. ఫ్రీ సైట్లకు పెద్ద దిక్కుగా ఉండిన జియోసిటీస్ కూడా 2009 ఏప్రిల్‌లో మూసేస్తున్నామని చెప్పి, అక్టోబరులో మూసింది. సర్దుకోవడానికి జనానికి ఆర్నెల్ల టైమైనా దక్కింది.

మీ వ్యాసాల్లో నాకు బాగా నచ్చిన వాక్యం, "మా టీమ్‌లో ఒకరు మీ సమస్యను పరిశీలిస్తున్నారు." ఇలాంటి వాక్యాల సంగతి తేల్చడానికి మా చిత్తూరు దగ్గర కాణిపాకం ఉంది. అప్పు తీర్చేశానని, దొంగతనం చేయలేదని జనం కోనేట్లో మునిగి వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తారు. నాయకులైతే మాటకు ముందు కాణిపాకం రమ్మని సవాళ్ళు విసురుకుంటారు, వెళ్ళేది తక్కువ. మీరూ ఒకసారి వచ్చి ఆ వాక్యాన్ని అక్కడ అనండి. కాళ్ళూ చేతులూ లేవంటారా, ఆ 'ఒకరి'ని పంపండి. రేణిగుంట ఎయిర్‌పోర్టుకు డిజైర్ పంపుతాను. అద్దె, టోల్, డ్రైవర్ బేటా మాత్రం మీవే. మా దగ్గర ఫ్రీ ప్లాన్ లేదు. ఫోన్ చేస్తే మనిషి ఎత్తుతాడు.

ఇట్లు,
మీరు మూసేసిన టికెట్