నాట్ల నీరు చెరువు కాదు

సార్వా నాట్లు పడే రోజుల్లో డెల్టాను రాడార్ ఉపగ్రహం కళ్లతో చూస్తే వరిచేను, రొయ్యల చెరువు ఒకేలా నల్లగా కనిపిస్తాయి. నిలిచిన నీరు అద్దంలా రాడార్ తరంగాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఉపగ్రహానికి తిరిగి చేరేది చాలా తక్కువ. అలాంటి ఒక్కరోజు చిత్రంతో అనుమతిలేని చెరువుల జాబితా రాస్తే నాట్లు వేసుకున్న రైతుకూ నోటీసు అందుతుంది.

అయినా రాడార్ కావాలి. రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలలోకి, మంచినీటి బావుల్లోకి ఊరుతోందన్న ఫిర్యాదులు ఏటా వస్తున్నాయి. వానాకాలమంతా మబ్బులు కెమెరా ఉపగ్రహాలకు అడ్డం. రాడార్‌కు మబ్బూ చీకటీ లెక్కలేదు. ఐరోపా వారి సెంటినెల్-1 చిత్రాలు ఎవరికైనా ఉచితం. ఇస్రో, నాసా కలిసి 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ కూడా 12 రోజులకోసారి అదే చోటును చూస్తుంది.

అంటే ఏడాదికి 30 చిత్రాలు. వాటిని వరుసగా పేర్చి చూడాలి. పిలకలు వేసిన వరి కొన్ని వారాల్లో నీటిని కప్పేస్తుంది, నలుపు పోతుంది. దాళ్వా కూడా వేస్తే ఆ నలుపు ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతుంది. చెరువు మాత్రం పట్టుబడి తర్వాత ఎండగట్టిన రోజులు తప్ప నెలల తరబడి నల్లగానే ఉంటుంది. గాలి తోలినా, నీటిని చిలికే ఏరేటర్లు తిరిగినా అలలు లేచి చెరువు నేలలా తెల్లబడుతుంది. ఈ చిక్కు వీవీ చిత్రంలో (నిలువు తరంగం పంపి నిలువు తరంగాన్నే అందుకునేది) కంటే వీహెచ్‌లో (నిలువుగా పంపి అడ్డంగా అందుకునేది) తక్కువ. నీరు నిలిచి చెరువుల్లాగే కనిపించే ఉప్పు మడులను మాత్రం మనిషి వెళ్లి చూసి జాబితాలోంచి తీసేయాల్సిందే.

విస్తీర్ణం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సెంటినెల్ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్లు. ఎకరం చెరువు చుట్టూ గట్టు గీత అరగడి జరిగితే సుమారు 30 సెంట్లు తేడా వస్తుంది. ఆ కొలతతో జరిమానా వేయడం అన్యాయం. నీటిలో ఉప్పెంతో కూడా ఈ చిత్రం చెప్పదు.

మత్స్యశాఖను మేం కోరేది ఇదీ. ఏడాది చిత్రాల్లో చెరువుగా తేలిన చోటును సర్వే నంబర్ల పటంపై పరచాలి. మత్స్య సహాయకుడు లవణీయత మీటరుతో వెళ్లి చూశాకే నోటీసు ఇవ్వాలి. ఆ చోటి పాత చిత్రాలన్నీ గ్రామ సచివాలయంలో పెట్టాలి. చెరువు ఏ ఏడు తవ్వారన్న తగాదా వచ్చినప్పుడు అధికారి చూసే సాక్ష్యాన్నే రైతూ, పక్కచేను వాడూ చూడగలగాలి.