84 మీటర్ల మేడకు వసారాలు

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్ల ప్రకటనల్లో ‘ఫ్యూచరిస్టిక్’ అనే మాట తరచుగా కనిపిస్తోంది. బొమ్మలో నేల నుంచి పైకప్పు దాకా అద్దం, వేలిముద్రతో తెరుచుకునే తలుపు, ఫోన్‌తో వెలిగే లైట్లు. అవి చూసినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, ఏసీ ఆపేసి ఆ అద్దం వెనక కూర్చోగలమా?

ముంబైలో పెడ్డర్ రోడ్ దగ్గర కాంచనజంగ అపార్ట్‌మెంట్స్ ఉన్నాయి. 1983లో పూర్తయ్యాయి. డిజైన్ చేసిన చార్లెస్ కొరియా మన సికింద్రాబాద్‌లోనే పుట్టారు. ఎత్తు 84 మీటర్లు, ఫ్లాట్లు 32 మాత్రమే. అవీ డబ్బున్నవాళ్ల కోసం కట్టినవే. అయితే అక్కడ డిజైన్ మొత్తం దిక్కుల మీదే నడిచింది. ముంబైలో చల్లగాలి పడమటి నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. చూడటానికి బాగుండేదీ అటువైపే. చిక్కేమిటంటే సాయంత్రపు ఎండ, వానజల్లు కూడా అటునుంచే కొడతాయి. పాత బంగళాల వాళ్లు ఇంటి చుట్టూ వసారా వేసుకుని దీన్ని తట్టుకున్నారు. కొరియా ఆ వసారానే పై అంతస్తులకు ఎక్కించారు. భవనం మూలల్లో రెండంతస్తుల ఎత్తున, లోపలికి తొలిచినట్టు, మొక్కలు పెంచుకునే వసారాలు ఇచ్చారు. ఎండ వసారాలోనే ఆగిపోతుంది, గాలి మాత్రం లోపలికి వస్తుంది. నన్నడిగితే, 40 ఏళ్లు దాటిన ఆ భవనంలోనే ఎక్కువ ముందుచూపు ఉంది.

అద్దం సంగతి వేరు. అది ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని బయటకు పోనివ్వదు. పరదా వేసినా లాభం తక్కువ, ఎందుకంటే అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది. ఖరీదైన రెండు పొరల అద్దం (డబుల్ గ్లేజింగ్) కొంత తగ్గిస్తుంది, అంతే. బయట నీడ ఉంటేనే ఎండ అక్కడికక్కడ ఆగుతుంది.

మరి మన దగ్గర అద్దమే ఎందుకు? 2006లో 86వ నంబర్ జీవోతో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఎన్ని అడుగులు కట్టొచ్చనే హద్దు, పోయింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్న నేల మీద ప్రతి అడుగూ డబ్బులు తేవాలి. పైగా రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా చట్టం ప్రకారం బాల్కనీ, వసారా కార్పెట్ ఏరియాలోకి (ఫ్లాట్ లోపల వాడుకునే స్థలం లెక్కలోకి) రావు. ఎంత లోతైన వసారా ఇచ్చినా ఆ అంకె పెరగదు.

కొనేవాళ్ల తప్పూ ఉంది. తూర్పు ఫేసింగ్ కావాలని పట్టుబడతాం. బెడ్‌రూమ్ కిటికీ మీద పడమటి ఎండ ఎంతసేపు పడుతుందని మాత్రం అడగం. ఆ వేడిని బయటకు తోడే ఏసీల కరెంటు బిల్లు తాళాలు తీసుకున్న నెల నుంచి మనదే. పెద్ద బాల్కనీలు ఇస్తున్న బిల్డర్లూ ఉన్నారు, కాదనను. కానీ వాటినీ అద్దాలతో మూసేయించుకుంటున్న ఇళ్లు ఎన్నో!

బుకింగ్‌కు వెళ్లేవాళ్లు శాంపిల్ ఫ్లాట్‌లో ఏసీ ఆపమని అడగండి. ప్లాన్ మీద ఉత్తరం గుర్తు చూసి, మీ ఫ్లాట్ పడమటి వైపు ఏముందో, దాని ముందు ఎన్ని అడుగుల నీడ పడుతుందో రాసిమ్మనండి.