పాతబడింది పుస్తకమా, అందులోని కోడా?

ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఏం చదవాలని అడిగితే, అనుభవమున్న ఇంజనీర్లు చెప్పే పేర్లు దాదాపు ఒకటే. కాలేజీ రోజుల్లో ‘గాల్విన్’ అని పిలుచుకున్న డైనోసార్ అట్ట పుస్తకం, టానెన్‌బామ్, మారిస్ బాక్, బోవెట్-చెజాటి, రాబర్ట్ లవ్, ఇటీవలి కాలంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్పాచి-డుస్సో దంపతుల పుస్తకం. ఈ జాబితాలకు విరుగుడుగా ఇప్పుడు ఒక సలహా విరివిగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: ఆ పుస్తకాలన్నీ పదిహేను, ఇరవై ఏళ్ల నాటివి కాబట్టి పనికిరావు, లినక్స్ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి నేరుగా అదే చదవాలి, క్లౌడ్, కంటైనర్ల కాలంలో ఆ లోతు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) రాసేవాళ్లకు తప్ప మరెవరికీ అక్కరలేదు, ఎప్పుడైనా అవసరం పడితే అప్పటికప్పుడు వెతుక్కోవచ్చు. ఒక్కొక్క వాదనలో ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే ఈ సలహా ఇంతగా వ్యాపించింది. ఆ నిజం ఎంతవరకో తేల్చుకోకుండా మొత్తాన్నీ నెత్తికెత్తుకుంటే నష్టపోయేది, ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయి, ఇప్పుడిప్పుడే లోతుకు దిగాలనుకుంటున్నవాళ్లు.

పుస్తకాలు పాతబడ్డాయన్న మొదటి వాదనలో తేదీల వరకు అబద్ధం లేదు. బోవెట్, చెజాటి రాసిన పుస్తకం మూడో ఎడిషన్ 2005 నాటిది, అది లినక్స్ 2.6 శ్రేణి తొలి రోజుల కెర్నల్‌ను వివరిస్తుంది. అందులో షెడ్యూలర్ (ఏ పనికి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో తేల్చే భాగం) గురించిన అధ్యాయం చదివి నేటి కెర్నల్ తెరిస్తే, అక్కడ వర్ణించిన ఓ(1) షెడ్యూలర్ ఎక్కడా కనిపించదు. 2007లో వచ్చిన 2.6.23తోనే దాని స్థానాన్ని సీఎఫ్‌ఎస్ అనే మరో షెడ్యూలర్ ఆక్రమించింది. రాబర్ట్ లవ్ 2010 నాటి మూడో ఎడిషన్‌లో ఆ సీఎఫ్‌ఎస్‌ను చక్కగా వివరించారు, కానీ 2023 అక్టోబరులో విడుదలైన 6.6 నుంచి ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి వచ్చి దాన్ని కూడా పక్కకు జరిపింది. డివైజ్ డ్రైవర్ల మీద అందరూ చెప్పే పుస్తకం చివరి ఎడిషన్ కూడా 2005దే. అందులోని ఉదాహరణలను ఉన్నవి ఉన్నట్టుగా నేటి కెర్నల్‌పై కంపైల్ చేయబోతే ఎర్రర్లు వరుస కడతాయి. ఇంతవరకు ఒప్పుకోవలసిందే.

అయితే ఆ ఈఈవీడీఎఫ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అది 1995లో అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్-వహాబ్ రాసిన ఒక సాంకేతిక నివేదికలోని ఆలోచన. ప్రతి పనికీ దాని వాటా ప్రకారం రావలసిన ప్రాసెసర్ సమయం ఎంత, నిజంగా దక్కింది ఎంత అని లెక్కగట్టి, ఇంకా బాకీ ఉన్నవాటినే అర్హమైనవిగా తీసుకుని, వాటిలో ఎవరి గడువు ముందుగా వస్తుందో ఆ పనికి ప్రాసెసర్‌ను అప్పగించడం దాని సారం. పుస్తకం కొత్తదా పాతదా అని చూసి పక్కన పెట్టే వ్యక్తి, నేడు తన సర్వర్లలో నడుస్తున్న సరికొత్త షెడ్యూలర్ 1995 నాటి కాగితం మీద నుంచి లేచి వచ్చిందన్న సంగతికి ఏం సమాధానం చెబుతాడు? ఆర్పాచి-డుస్సోల పుస్తకంలో వాటాల ప్రకారం సమయాన్ని పంచడం గురించి ఒక అధ్యాయం ఉంది. లాటరీ షెడ్యూలింగ్‌తో మొదలై స్ట్రైడ్ పద్ధతి మీదుగా సీఎఫ్‌ఎస్ వరకు వస్తుంది. ఆ అధ్యాయం అర్థమైన వ్యక్తి ఈఈవీడీఎఫ్‌ను అందుకోవడానికి అదనంగా నేర్చుకోవలసింది గడువు అనే ఒక్క భావన మాత్రమే. అది చదవనివారికి 6.6 నాటి మార్పుల ప్యాచ్‌లు చూపిస్తే, వేరియబుల్ పేర్లు తప్ప మరేమీ కనిపించవు.

మెమరీ వైపు కూడా ఇదే కథ. 2.6.11లో పేజీ టేబుళ్లు (ప్రోగ్రాము వాడే వర్చువల్ అడ్రస్‌ను అసలు మెమరీ అడ్రస్‌తో జతచేసే పట్టికలు) నాలుగు అంచెలయ్యాయి, 2017లో 4.14తో ఐదో అంచె చేరి, వర్చువల్ అడ్రస్ 48 బిట్ల నుంచి 57 బిట్లకు పెరిగింది. నాలుగు అంచెలు ఎందుకో తెలిసినవారికి ఐదో అంచె కొత్త పాఠం కాదు. కెర్నల్ తన సొంత అవసరాలకు మెమరీని పంచే స్లాబ్ అలొకేటర్ 1994లో సొలారిస్ కోసం జెఫ్ బాన్‌విక్ చేసిన ఆలోచన. లినక్స్‌లో ఆ పేరుతో ఉన్న పాత కోడ్‌ను 2024లో 6.8తో తీసివేశారు, కానీ దాని స్థానంలో మిగిలిన స్లబ్ కూడా ఒకే సైజు వస్తువులను ఒకే పేజీల్లో పేర్చి ఉంచాలన్న ఆ ఆలోచన మీదనే నిలబడి ఉంది. ఇలాంటి పుస్తకంలో సమస్య, దానికి దొరికిన ఉపాయం, ఆ ఉపాయాన్ని ఒక ప్రత్యేక వెర్షన్‌లో రాసిన కోడ్ కలిసి ఉంటాయి. ఈ మూడింటిలో త్వరగా చెడేది చివరిదొక్కటే. కనుక 2005 నాటి పుస్తకాన్ని చేతిలోకి తీసుకునేటప్పుడు వెర్షన్ సంఖ్యను గుర్తుంచుకోవాలి, ఫంక్షన్ పేర్లను కంఠస్థం చేయకూడదు. అంతకుమించిన ప్రమాదమేమీ లేదు.

రెండో వాదన, అంటే సోర్స్ ఉండగా పుస్తకమెందుకన్నది, వినడానికి ధైర్యంగా ఉంటుంది కాబట్టి ఎక్కువమందిని ఆకర్షిస్తుంది. లినక్స్ కెర్నల్ మూడు కోట్ల పంక్తులు ఎప్పుడో దాటిపోయింది. అందులో పెద్ద భాగం డ్రైవర్లే అయినా, మిగిలినదానిలో ఎక్కడ మొదలుపెట్టాలో సోర్స్ తనంతట తాను చెప్పదు. దానికంటే ముఖ్యమైన చిక్కు మరొకటి ఉంది. కోడ్ ఏం చేస్తుందో కోడ్‌లో ఉంటుంది. ఎందుకలా చేస్తుందో, వేరే దారి ఎందుకు తొక్కలేదో చాలాసార్లు ఉండదు.

దీనికి యూనిక్స్ చరిత్రలోనే మంచి సాక్ష్యం ఉంది. ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ నుంచి మరొక ప్రాసెస్‌కు మారే ఫంక్షన్ మధ్యలో ఒక వ్యాఖ్య ఉంటుంది. డిస్క్‌కు స్వాప్ అయి వెళ్లిన ప్రాసెస్‌ను తిరిగి తెచ్చేటప్పుడు స్టాక్‌ను ఎక్కడికి జరుపుతున్నారో రెండు మూడు వాక్యాల్లో చెప్పి, చివర ‘ఇది మీకు అర్థమవుతుందని ఆశించడం లేదు’ అని ముగించారు. ఆ వాక్యాన్ని చాలామంది అహంకారంగా చదివారు. యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ తర్వాత ఇచ్చిన వివరణ వేరు: ఇది పరీక్షలో అడగరు అన్న ధోరణిలో రాసిన మాట అది, నిజానికి అక్కడ జరుగుతున్నది తమకే పూర్తిగా అర్థం కాలేదు. ఒక ఫంక్షన్ భద్రపరచిన స్టాక్ మీదకు మారి, మరో ఫంక్షన్ తాలూకు రిటర్న్ కోడ్‌ను నడపడం మీద ఆ పద్ధతి ఆధారపడింది. యూనిక్స్ అప్పట్లో నడిచిన పీడీపీ-11 యంత్రం కంపైలర్ అన్ని ఫంక్షన్లకూ ఒకే తీరులో రిజిస్టర్లను భద్రపరచేది కాబట్టి అది నడిచింది. యూనిక్స్‌ను ఇంటర్‌డేటా యంత్రానికి తరలించినప్పుడు అక్కడి కంపైలర్ తీరు వేరు కావడంతో నడవలేదు. అందుకే ఏడో ఎడిషన్‌లో దాన్ని మార్చి రాశారు. ఈ సంగతి ఆ కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా కోడ్‌లో నుంచి బయటికి రాదు. సోర్స్ మొత్తం పది వేల పంక్తులకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లోనే పరిస్థితి ఇది.

ఆ పది వేల పంక్తులకే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ వ్యాఖ్యానం రాయవలసి వచ్చింది. 1970ల చివర్లో యూనిక్స్ యజమాని ఏటీ అండ్ టీ కొత్త లైసెన్సు షరతులతో తరగతి గదుల్లో యూనిక్స్ సోర్స్‌ను బోధించడాన్ని నిషేధించాక, ఆ వ్యాఖ్యానం జిరాక్సు ప్రతులుగానే ఏళ్ల తరబడి చేతులు మారింది; చట్టబద్ధంగా పుస్తకమై వచ్చింది 1996లో. సోర్స్ తమ దగ్గరే ఉన్నవాళ్లు కూడా ఆ మసకబారిన జిరాక్సుల కోసం ఎందుకు వెంపర్లాడారో సోర్స్ చాలునని చెప్పేవాళ్లు ఆలోచించాలి. ఆ నిషేధమే టానెన్‌బామ్‌ను మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి పురికొల్పింది. 1987లో మినిక్స్ సోర్స్‌తో కలిపి ఆయన వేసిన పాఠ్యపుస్తకాన్ని చదివినవారిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒకరు. నేడు మనల్ని చదవమంటున్న సోర్స్ వెనక కూడా ఒక పుస్తకం ఉందన్నమాట.

విండోస్ మీద పనిచేసేవాళ్లకు ఈ సలహా అసలు వర్తించనే వర్తించదు. సాధారణ ఇంజనీరుకు అక్కడ సోర్స్ దొరకదు. 2017లో, 2021లో రెండు భాగాలుగా వచ్చిన విండోస్ ఇంటర్నల్స్ ఏడో ఎడిషన్, దానితోపాటు ఒక డీబగ్గర్, ఇవే దారి. సలహా ఇచ్చినవారికి ప్రపంచమంతా లినక్సేనేమో.

కంటైనర్ల కాలంలో ఇదంతా కెర్నల్ రాసేవాళ్లకే కావాలన్న మూడో వాదన వాస్తవానికి తలకిందులుగా ఉంది. లినక్స్ కెర్నల్‌లో కంటైనర్ అనే వస్తువేదీ లేదు. ప్రాసెస్‌లను ఒకదానికొకటి కనిపించకుండా వేరుచేసే నేమ్‌స్పేస్‌లు, వాటి సీపీయూ, మెమరీ వాడకానికి హద్దులు పెట్టేందుకు 2008 జనవరిలో 2.6.24తో వచ్చిన సీగ్రూప్‌లు, మరికొన్ని పాత సదుపాయాలు కలిపి కట్టిన మూటకే ఆ పేరు. మూట విప్పడం తెలియకపోతే ఏమవుతుందో ఒక మామూలు సర్వీసులో చూద్దాం. దానికి ఒకే ఒక్క సీపీయూ మేరకు లిమిట్ పెట్టారు, యంత్రంలో ఎనిమిది కోర్లు ఉన్నాయి, రిక్వెస్ట్ రాగానే సర్వీసులోని ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి పనిలోకి దిగుతాయి. లిమిట్‌ను లెక్కించే గడువు మామూలుగా 100 మిల్లీసెకన్లు. ఆ గడువులో ఈ సర్వీసుకు దక్కే సీపీయూ సమయం కూడా 100 మిల్లీసెకన్లే. ఎనిమిది కోర్ల మీద ఎనిమిది థ్రెడ్లు నడిస్తే అది దాదాపు 12.5 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది, మిగిలిన 87.5 మిల్లీసెకన్లు ఎనిమిదింటినీ కెర్నల్ ఆపి ఉంచుతుంది. రిక్వెస్టులు అడపాదడపా వస్తుంటే నిమిషానికి తీసిన సీపీయూ సగటు తక్కువగానే కనిపిస్తుంది, రెస్పాన్స్ టైమ్ మాత్రం పెరిగిపోతుంది. గ్రాఫ్ చూసిన టీమ్ తప్పు డేటాబేస్‌ మీదో నెట్‌వర్క్‌ మీదో వేసి రెండు రోజులు అటువైపు వెతుకుతుంది. షెడ్యూలర్ వాటాలను, కోటాలను ఎలా అమలు చేస్తుందో చదివిన వ్యక్తి ముందుగా, కోటా అయిపోయి ఎన్నిసార్లు ఆగిందో చెప్పే థ్రాట్లింగ్ కౌంటర్లు చూస్తాడు.

మెమరీ విషయంలో జావా అనుభవం అందరికీ తెలిసిందే. కంటైనర్ పరిమితులను గుర్తించే సదుపాయం 2018లో జావా 10తో అప్రమేయంగా వచ్చే వరకు, జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం, యంత్రానికి ఉన్న మొత్తం మెమరీని చూసి, అందులో నాలుగో వంతును తన గరిష్ఠ హీప్‌గా (ప్రోగ్రాము డేటాకు వాడుకునే మెమరీగా) అనుకునేది. 64 జీబీ యంత్రం మీద 2 జీబీ లిమిట్‌తో నడిచే కంటైనర్‌లో అది 16 జీబీ వరకు పెరగవచ్చన్న ధీమాతో ఉంటే, 2 జీబీ దగ్గరే కెర్నల్ దాన్ని చంపేస్తుంది. లాగ్‌లో ఎక్సెప్షన్ ఉండదు, ఎగ్జిట్ కోడ్ 137 మాత్రం మిగులుతుంది: 128కి సిగ్నల్ సంఖ్య 9 కలిపితే వచ్చేది. ఈ రెండు చోట్లా కెర్నల్ కోడ్ రాయవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

చివరి వాదన, అవసరమైనప్పుడు వెతుక్కోవచ్చన్నది, సెర్చ్ ఇంజన్ కాలంలోనూ చెప్పారు, ఏఐ సహాయకుల కాలంలోనూ చెబుతున్నారు. విడి విషయాలకు ఇది సరిపోతుంది. ఫ్లాగుల అర్థాలు బట్టీ పట్టాలని ఎవరూ అనరు. కానీ వెతకాలంటే ముందు సందేహం పుట్టాలి. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌ను రాసేవాళ్లకే ఏళ్ల తరబడి ఒక సందేహం పుట్టలేదు. డేటాను డిస్క్ మీదకు చేర్చమని కెర్నల్‌ను అడిగే ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ పిలిస్తే సరిపోతుందని వాళ్లు అనుకున్నారు. లినక్స్‌లో జరిగేది వేరని 2018లో బయటపడింది: డిస్క్‌కు రాయడం విఫలమైన పేజీలను కెర్నల్ శుభ్రమైనవిగా, అంటే ఇక రాయవలసిందేమీ లేనివిగా, గుర్తు పెట్టేస్తుంది కాబట్టి, రెండోసారి పిలిచిన ఎఫ్‌సింక్ విజయం అని చెబుతుంది, డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. 2019 ఆరంభంలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ వెర్షన్లు, ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించకుండా సర్వర్‌ను ఆపేసి, లాగ్ నుంచి కోలుకునేలా మారాయి. డిస్క్‌లోని డేటాను మెమరీలో ఉంచే పేజ్ క్యాష్ ఎలా పనిచేస్తుందో స్థూలంగా తెలిసిన ఇంజనీరుకు ‘విఫలమైన పేజీ గతి ఏమిటి’ అన్న ప్రశ్న కనీసం తట్టే అవకాశం ఉంది. ఆ మాత్రం చిత్రం మనసులో లేనివారు ఏఐని అడిగేది ఏమిటి?

తోటి ఇంజనీర్ల జాబితాలలో లోపం లేదని కాదు. అసలు లోపం వయసు కాదు, వడపోత లేకపోవడం. గాల్విన్, టానెన్‌బామ్‌ల పుస్తకాలలో సగానికి పైగా ఒకే విషయం. రెండూ చదవమనడం సమయం దండగ. గేట్ రాసేవాళ్లకు గాల్విన్ సరిపోతుంది, ఉద్యోగంలో ఉండి అర్థం చేసుకోవడానికి చదివేవాళ్లకు ఆర్పాచి-డుస్సోల పుస్తకం మేలని నా అభిప్రాయం. దాని అధ్యాయాలు రచయితలే ఉచితంగా ఇస్తున్నారు కూడా. 1986 నాటి బాక్ పుస్తకాన్ని బఫర్ క్యాష్, ఐనోడ్ అధ్యాయాల కోసమైనా చదవాలి. లినక్స్ సిస్టమ్ కాల్స్ మీద మైకేల్ కెరిస్క్ రాసిన పుస్తకం పదిహేను వందల పేజీలకు పైగా ఉంటుంది; అది మొదటి నుంచి చివరిదాకా చదివేది కాదు, పక్కన పెట్టుకుని చూసుకునేది.

సోర్స్ చదవాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లు ఎంఐటీ వారి ఎక్స్‌వీ6తో మొదలుపెట్టవచ్చు. ఆరో ఎడిషన్ యూనిక్స్‌ను ఆధునిక సీ భాషలో తిరగరాసిన ఈ చిన్న కెర్నల్ ఇప్పుడు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల మీద నడుస్తుంది, దానికి తోడుగా వివరణ పుస్తకమూ ఉంది. అందులో ఒక కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నల్‌ను పని అడిగే పిలుపు) చేర్చి చూడండి. కెర్నల్ వైపు ఒక హెడర్‌లో దానికి సంఖ్య ఇవ్వాలి, సిస్టమ్ కాల్ టేబుల్‌లో చేర్చాలి, అసలు ఫంక్షన్ రాయాలి. యూజర్ వైపు హెడర్‌లో డిక్లరేషన్, స్టబ్‌లను (ప్రోగ్రాము నుంచి కెర్నల్‌లోకి దాటించే చిన్న కోడ్ ముక్కలను) తయారుచేసే స్క్రిప్టులో ఒక పంక్తి చేర్చాలి. ఐదు ఫైళ్లు, ఒక సాయంత్రం పని. ఆ స్టబ్‌లోని ఈకాల్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర డీబగ్గర్‌తో ఆపి, ప్రాసెసర్ యూజర్ మోడ్ వదిలి ట్రాప్ కోడ్‌లోకి దూకడాన్ని ఒక్కో అడుగుగా చూశాక, లినక్స్‌లో అదే పని చేసే ఎంట్రీ కోడ్ ఫైలు తెరవవచ్చు.