నాలుగు కోట్ల త్యాగమంట!

ఈ వారంలో ఆరోసారి వచ్చింది ఆ మెసేజ్. పొద్దున మా బామ్మర్ది పంపినాడు. మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో పడింది. రాత్రి పదకొండుకి మా మేనమామ పంపినాడు. ఆయన 1983 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూసింది లేదు. పసుపు బొమ్మ, ఏడో నంబరు చొక్కా, వెనకాల ఏడుకొండలు, కింద అయిదు పాయింట్లు. ఐపీఎల్‌లో ధోనీ చెన్నై జట్టు కోసం కోట్లు వదులుకుని 4 కోట్లకే ఆడతా ఉన్నాడంట. అన్‌క్యాప్‌డ్ (దేశానికి ఆడని ఆటగాడి లెక్క) రూలు పాతదేనంట, ఆయన కోసం తెచ్చింది కాదంట. చెన్నై జట్టంటే కుటుంబమంట, ఎవర్నీ వదలదంట. పంత్, క్లాసెన్ లాంటోళ్ళు డబ్బు మనుషులంట, నిజాయితీ లేదంట. ఆఖర్న, తిరుపతోడైతే చెన్నైకే జై కొట్టాలంట.

నేను సన్‌రైజర్స్ మనిషిని, అదే హైదరాబాద్ జట్టు. చెన్నై మ్యాచ్ రోజు మా తిరుపతి లీలామహల్ సర్కిల్లో ఆరెంజ్ చొక్కాతో నిలబడితే టీ కూడా చల్లారినాక ఇస్తారు. అయినా ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా.

ముందు ఆఖరి పాయింటు తీసేస్తా, దానికి పెద్ద టైము అక్కర్లేదు. చెన్నై మనకి మూడు గంటల దూరం, హైదరాబాద్ పోవాలంటే ఒక రాత్రి పడుతుంది. నిజమే. సప్తగిరి రైలెక్కితే చెన్నై సెంట్రల్లో దిగొచ్చు. అంతమాత్రాన అభిమానాన్ని కిలోమీటర్లతో కొలుస్తారా? అయినా సన్‌రైజర్స్ ఓనర్లు సన్ టీవీ వాళ్ళు, వాళ్ళ ఆఫీసు ఉండేదీ చెన్నైలోనే. ఆ ఊరోళ్ళూ ఆ ఊరోళ్ళూ వ్యాపారం చేసుకుంటా ఉంటే ఇక్కడ బావా బామ్మర్దులం మాటలు మానుకోని కూర్చున్నాం.

రూలు సంగతి. పాతదే, కాదనను. 2008 నుంచి ఉండేది, ఎవరూ వాడుకోలేదు, 2021లో తీసేసినారు. 2024 సెప్టెంబరులో మళ్ళీ తెచ్చినారు. అయిదేళ్ళుగా దేశం తరపున తుది జట్టులో ఆడకుండా, క్రికెట్ బోర్డు కాంట్రాక్టు లేకుండా ఉన్న మన దేశపు ఆటగాడు అన్‌క్యాప్‌డ్ లెక్కలోకి వస్తాడు. ధోనీ ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ 2019 జూలైలో, మాంచెస్టర్‌లో. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి! మేం అడగలేదని చెన్నై సీఈవో చెప్పినాడు. సరే, అడగలేదు. కొండ మీద దేవుడు కూడా క్యూలో నిలబడందే వరమియ్యడు గదా సామీ, బోర్డు అడక్కముందే ఇచ్చింది. పోనీలే, రూలు పది జట్లకీ ఒకటే. రాజస్థాన్ కూడా సందీప్ శర్మను అదే రూలు కింద అదే 4 కోట్లకి పెట్టుకుంది. సందీప్ త్యాగం మీద బొమ్మ ఎవరైనా చేసుంటే పంపండి, దాచుకుంటా.

ఇప్పుడు ఆ త్యాగం. ధోనీ ధర 2018లో 15 కోట్లు, 2022లో 12, 2025కి 4. మెసేజ్ రాసినాయన ఇక్కడే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకునే లోపల నేను లెక్క వేసినా. వేలానికి ముందే చెన్నై అట్టిపెట్టుకున్న రుతురాజ్, జడేజా, పతిరణ, దూబే నలుగురికీ కలిపి 61 కోట్లు. అయిదో క్యాప్‌డ్ ఆటగాడిగా ధోనీని పెట్టుకుంటే ఇంకో 14 పోవాల. అన్‌క్యాప్‌డ్ అయినాడు కాబట్టి 4తో సరిపోయింది. 10 కోట్లు మిగిలినాయి. జెడ్డా వేలంలో చెన్నై నూర్ అహ్మద్‌ను కొనింది ఎంతకో గుర్తుందా? సరిగ్గా 10 కోట్లకి. ఆ పిల్లోడు ఆ సీజన్లో 24 వికెట్లు తీసినాడు. మా జట్టోళ్ళు ఇట్లాంటి బేరం ఒక్కటి చేసుంటే నేనే వాళ్ళ ఆఫీసు ముందర టెంకాయ కొట్టుందును. ఒప్పుకుంటున్నా, బ్రహ్మాండమైన బేరం. బేరాన్ని బేరం అనండి, చాలు.

ఇంకో తమాషా. మన విశాఖ పిల్లోడు నితీశ్ రెడ్డి 20 లక్షలకి ఆడతా ఉండేవాడు. 2024 అక్టోబరులో ఇండియా టోపీ పెట్టినాడు, క్యాప్‌డ్ అయినాడు, 6 కోట్లకి పోయినాడు. రెండు ప్రపంచకప్పులు ఎత్తిన కెప్టెనేమో అదే నెల చివర్లో దేశానికి ఎప్పుడూ ఆడని పిల్లకాయల వరసలో నిలబడినాడు. నేను ధోనీ అభిమాని అయ్యుంటే దీనికి బాధపడుందును. మీరు బొమ్మలు గీసుకుంటా ఉన్నారు.

కుటుంబమా? సురేశ్ రైనాను చిన్న తల (తమిళంలో చిన్న నాయకుడు) అని నెత్తిన పెట్టుకుని, 2022 వేలంలో ఒక్క చెయ్యి కూడా ఎత్తలేదు. మనిషి అమ్ముడుపోకుండా ఇంటికి పోయినాడు. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకి పది కావాలంటే సిక్సూ ఫోరూ కొట్టి కప్పు తెచ్చింది జడేజా. ధోనీ అతన్ని ఎత్తుకున్న ఫోటో మా బామ్మర్ది డీపీలో రెండేళ్ళుంది. 2025 నవంబరులో సంజూ శామ్సన్ కోసం అదే జడేజాను రాజస్థాన్‌కి పంపేసినారు. పోతాపోతా అతని ధర 18 నుంచి 14కి దిగింది. అదీ నాలుగు కోట్లే గదా! దాని మీద బొమ్మ యాడ?

ఇక్కడొక మాట గొంతులో అడ్డం పడుతోంది, మింగలేను. కుటుంబం గురించి మాట్లాడే హక్కు మా జట్టుకైతే అసలు లేదు. 2016లో 848 పరుగులు కొట్టి మాకున్న ఒకే ఒక్క కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించి, తర్వాత జట్టులోంచే తీసేసినాం. మ్యాచ్ జరుగుతా ఉంటే స్టాండ్స్‌లో జెండా ఊపుతా కూర్చున్నాడు ఆ మనిషి. ధోనీకి చెన్నైలో అట్లాంటి రోజు రాలేదు, రానియ్యరు. ఆ ఒక్క విషయంలో మీకు దండం.

ఇంక నా బీపీ పెంచిన పాయింటు, డబ్బు మనుషులు. పంత్ 27 కోట్లు అడిగినాడా? అతని పాత జట్టు ఢిల్లీ 20.75 కోట్ల దగ్గర వెనక్కి తీసుకోబోతే, లక్నో 27కి ఎగరేసింది. వేలంలో ధర పెంచేది కొనేవాడు. క్లాసెన్ 23 కోట్లు కళ్ళకి కనపడతా ఉన్నాయి, అంతకు ముందు రెండేళ్ళు అతను 5.25 కోట్లకి మా మిడిలార్డర్ మొత్తం మోసినప్పుడు మీరు నిద్రపోతా ఉన్నారా? మీ జట్టులోనే గుంటూరు పిల్లోడు షేక్ రషీద్ ఉండేవాడు. 2025లో అతని ధర 30 లక్షలు. పెద్దాయన 12 నుంచి 4 కోట్లకి దిగితే త్యాగం, పిల్లోడు 30 లక్షలకి ఆడితే అదృష్టం. ఇదేం కొలత నాయనా?

క్లాసెన్ మీ మెసేజ్ చదవడు, అతనికి పోయేదేం లేదు. చదివేది మన పిల్లకాయలు. మొన్న సంక్రాంతికి ఇక్కడే దగ్గర్లో ఒక టెన్నిస్ బాల్ టోర్నమెంటు జరిగింది. మా వీధి పిల్లోడు, పదిహేడేళ్ళు, పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చిన ఇంకో ముగ్గుర్ని కూడగట్టుకుని రెండ్రోజులు ఎండలో బౌలింగ్ చేసినాడు. బస్సు చార్జీకీ భోజనానికీ మనిషికి 200 ఇస్తామని ముందే మాట. కప్పు గెలిచినారు. ఫ్లెక్సీలో నిర్వాహకుల ఫోటోలు పడినాయి, సన్మానాలకి శాలువాలు వచ్చినాయి, 200 మాత్రం రాలేదు. పిల్లోడు సిగ్గుపడతా ఫోన్లో మెసేజ్ పెట్టి అడిగితే జవాబుగా ఏం వచ్చిందో తెలుసా? ఈ పసుపు బొమ్మే. కింద ఒక లైను: "చూసి నేర్చుకో తమ్ముడూ, ఆటను ప్రేమించేవాడు డబ్బు అడగడు."

ధోనీ ఎప్పుడన్నా ఎవరికన్నా ఆ మాట చెప్పినాడా? ఆయన పేరు చెప్పుకుని భోజనం డబ్బులు ఎగ్గొడతా ఉన్నారని తెలిస్తే ఆయనే ముందు కోప్పడతాడు, ఎంత కూల్ అయినా.

2025 ఏప్రిల్ 25న నేను చెన్నై చెపాక్ మైదానంలో ఉన్నా, మా బామ్మర్ది పక్కన, ఆరెంజ్ చొక్కాలో. ఆ మైదానంలో సన్‌రైజర్స్ మొదటిసారి గెలిచింది ఆ రోజే. ధోనీకి అది నాలుగొందలో టీ20. ఆయన మెట్లు దిగతా ఉంటే నేనూ లేచి నిలబడినా. ఆరు పరుగులకే అవుటైనాడు, అయినా నిలబడే ఉన్నా. కాబట్టి నాకు ధోనీ విలువ తెలియదని ఎవరూ రిప్లై పెట్టొద్దు.

ఆ టోర్నమెంటు అన్నకి మాత్రం ఒక మాట. నువ్వూ ఈ గ్రూపులోనే ఉన్నావన్నా, నీలం టిక్కులు కూడా పడినాయి. నలుగురు పిల్లకాయలు, తలా 200, మొత్తం 800. ఫోన్‌పే నంబరు పిల్లోడే పంపిస్తాడు.